ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళ సైకిల్ రేసులు: మొదటి వేసవి సీజన్‌కి సిద్ధపడటం

ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వారం మధ్య సాయంత్రాల్లో, శని ఆదివారాల్లో, కార్లు రాని సర్క్యూట్ల మీద ఆడవాళ్ళ రేసులు జరుగుతాయి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆఫీసు అయ్యాక, హాస్పిటల్ డ్యూటీ దిగాక కూడా వెళ్ళొచ్చు. కొత్తగా దిగేవాళ్ళలో ఎక్కువమంది మొదటి పది నిమిషాల్లోనే గుంపు నుంచి జారిపోతారు. కాళ్ళలో బలం చాలక అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం వాళ్ళు ఉన్న చోటు.

మలుపు రాగానే ముందున్నవాళ్ళు కొంచెం బ్రేక్ వేస్తారు. వాళ్ళ వెనకవాళ్ళు ఇంకొంచెం గట్టిగా వేస్తారు. చివర ఉన్నవాళ్ళు దాదాపు ఆగినంత పని చేస్తారు. వాళ్ళు మలుపు దాటేసరికి ముందువాళ్ళు వేగం అందుకుని ఉంటారు. ఆ సందు పూడ్చాలంటే ఎనిమిది, పది సెకన్లు పూర్తి బలంతో తొక్కాలి. 1.5 కిలోమీటర్ల సర్క్యూట్‌లో గంటకి 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక్కో ల్యాప్‌కి రెండున్నర నిమిషాలు. ల్యాప్‌కి మూడు మలుపులనుకుంటే పది నిమిషాల్లో వెనకవాళ్ళు పన్నెండు స్ప్రింట్లు చేసి ఉంటారు. ముందు మూడోవంతులో ఉన్నవాళ్ళకి అందులో సగం శ్రమ కూడా ఉండదు. అందుకే కింద చెప్పేవాటిలో చాలావరకు ఈ పది నిమిషాలు గట్టెక్కడం కోసమే.

లైసెన్స్, కేటగిరీ, ఎంట్రీ

సైకిల్ క్రీడని నడిపే సంస్థ బ్రిటిష్ సైక్లింగ్‌లో రేస్ సభ్యత్వం, దానితో పాటు రేస్ లైసెన్స్ తీసుకోండి. మీ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కాపాడే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సభ్యత్వంలోనే ఉంటుంది. అందరూ అన్నిటికన్నా కిందిదైన నాలుగో కేటగిరీలోనే మొదలుపెడతారు. 12 పాయింట్లు వస్తే మూడుకి, అక్కడ నుంచి ఇంకో 40 వస్తే రెండుకి వెళ్తారు. చిన్న సర్క్యూట్ రేసుల్లో మొదటి పది స్థానాలకి పాయింట్లు ఉంటాయి. ఒక్కరోజు లైసెన్స్‌తో కూడా పోటీ చేయొచ్చు గానీ దాని మీద పాయింట్లు రావు. సీజన్ మొత్తం ఆడాలనుకుంటే పూర్తి లైసెన్సే తీసుకోండి.

ఆడవాళ్ళ రేసులకి పేర్లు తక్కువ వస్తే నిర్వాహకులు రద్దు చేస్తారు, లేదా వేరే గ్రూపుతో కలిపేస్తారు. గడువు రోజు దాకా ఆగకుండా వెంటనే ఎంట్రీ కట్టండి. మీ పేరు జాబితాలో కనిపిస్తే ఇంకో ఇద్దరు ధైర్యంగా కడతారు. ఆడవాళ్ళ రేసులు నిలబడేది ఇలాగే.

ఏ సర్క్యూట్‌తో మొదలుపెట్టాలన్నదీ ఆలోచించండి. లండన్‌లో సౌతాల్ పక్కనే హేస్‌లో ఉన్న హిల్లింగ్డన్ సర్క్యూట్ చదునుగా ఉంటుంది, గాలి మాత్రం బాగా తగులుతుంది. ఒలింపిక్ పార్కులోని లీ వ్యాలీ వెలోపార్క్‌లో రోడ్ సర్క్యూట్ ఒక మైలు. రెడ్‌బ్రిడ్జ్‌లోని హాగ్ హిల్‌లో ప్రతి ల్యాప్‌కీ నిటారు ఎక్కుడు ఉంది, దాన్ని సైక్లిస్టులు హాగెన్‌బర్గ్ అంటారు. అక్కడ గుంపు ముక్కలవుతుంది, ఒంటరిగా తొక్కాల్సి వస్తుంది. గుంపులో తొక్కడం నేర్చుకోవాలంటే చదును సర్క్యూట్ మేలు. సన్నగా ఉండి ఎక్కుళ్ళు బాగా ఎక్కేవాళ్ళు కూడా మొదటి రెండు మూడు రేసులు చదును మీదే ఆడి, తర్వాత హాగ్ హిల్‌కి వెళ్ళాలని మా సలహా.

బండి

ఖరీదైన బండి అక్కర్లేదు. డ్రాప్ హ్యాండిల్‌బార్, అంటే చివరలు కిందికి వంగిన హ్యాండిల్, ఉన్న రోడ్ బైక్, రెండు బ్రేకులూ సరిగ్గా పనిచేసేది ఉంటే చాలు. ముందుకి పొడుచుకొచ్చే ట్రయథ్లాన్ బార్లు, గంట, లైట్లు, వెనక సంచి తీసేయండి. హ్యాండిల్‌బార్ రెండు చివరలా మూతలు ఉండాలి. అవి లేకపోతే కామిసేర్, అంటే రేసు అధికారి, మిమ్మల్ని ఆపేస్తారు. కింద పడినప్పుడు తెరిచి ఉన్న గొట్టం ఒంట్లో దిగుతుంది, అందుకే ఆ పట్టుదల.

చేతులు చిన్నవైతే మొట్టమొదట బ్రేక్ లీవర్ల దూరం సరిచేయించుకోండి. చాలా లీవర్లలో దీనికి చిన్న స్క్రూ ఉంటుంది. కింది వంపు పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు లీవర్ చుట్టూ హాయిగా వంగాలి. వేలి కొస మాత్రమే అందుతుంటే మలుపుల్లో భయంతో పైన పట్టుకుంటారు, అక్కడ నుంచి బ్రేక్ బలం చాలదు, పట్టూ సరిగ్గా ఉండదు. హ్యాండిల్‌బార్ వెడల్పు భుజాల వెడల్పుకి మించకూడదు. చాలామంది ఆడవాళ్ళకి 38 సెంటీమీటర్లు సరిపోతుంది, కొత్త బండితో వచ్చేది సాధారణంగా దానికన్నా వెడల్పు.

టైరు 28 మిల్లీమీటర్లది, మీ బరువు 55 నుంచి 60 కిలోలు అనుకుంటే, గాలి ఒత్తిడి ముందు 60, వెనక 65 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. వానకి నేల తడిసి ఉంటే రెండింట్లో ఐదేసి తగ్గించండి. గాలి ఎక్కువైతే వేగం పెరుగుతుందనుకుని 100 దాకా కొట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే టైరు గరుకు నేల మీద ఎగురుతుంది, మలుపులో జారుతుంది. హుక్‌లెస్ రిమ్, అంటే టైరుని పట్టి ఉంచే లోపలి అంచు లేనిది, అయితే 72 దాటకూడదు, దాటితే టైరు ఊడే ప్రమాదం ఉంది. రేసు ముందు వారం టైర్లలో గాజు ముక్కలు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. డిస్క్ బ్రేక్ ప్యాడ్ మందం అర మిల్లీమీటరుకి దగ్గరపడితే మార్చేయండి.

సీటు నొప్పి పెడితే దాని మీద మెత్తటి కవర్ వేయడం తప్పు. కూర్చునే ఎముకల మధ్య దూరం కొలిపించుకుని సరైన వెడల్పు సీటు తీసుకోండి. మధ్యలో కోత ఉన్నది చాలామందికి నప్పుతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కింద లోదుస్తులు వేయకూడదు. కుట్టు దగ్గర ఒరుసుకుని పుండ్లు పడతాయి. నెలసరి రోజుల్లో శానిటరీ ప్యాడ్ కూడా అలాగే ఒరుస్తుంది. మెన్‌స్ట్రువల్ కప్పు లేదా టాంపన్ మేలు, అయితే రేసు రోజునే మొదటిసారి వాడకండి.

మలుపు సాధన, వారం ప్రణాళిక

ఆదివారం ఉదయం ఖాళీగా ఉండే కార్ పార్కులో నీళ్ళ సీసాలు నాలుగు పెట్టుకుని మలుపు సాధన చేయండి. మలుపుకి ముందే బ్రేక్ వేయడం పూర్తవాలి. మలుపు లోపల ఉన్న పెడల్ పైకి, బయటి పెడల్ కిందికి, బరువంతా బయటి పాదం మీద. చూపు ముందు చక్రం మీద కాకుండా మీరు వెళ్ళాల్సిన చోట ఉండాలి. బండి నిటారుగా లేచాక ఆరు గట్టి తొక్కులు. తొందరపడి ముందే తొక్కితే లోపలి పెడల్ నేలకి తగిలి వెనక చక్రం ఎగిరిపోతుంది. రెండు వైపులా ఎనిమిదేసి సార్లు, వారానికి ఒకసారి చేస్తే నెలలో తేడా తెలుస్తుంది.

ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్ళకి వారానికి నాలుగు రోజులు చాలు. మంగళవారం: 40 సెకన్లు గట్టిగా, 20 సెకన్లు తేలిగ్గా, ఇలా పదిసార్లు. ఐదు నిమిషాలు తేలిగ్గా తొక్కి మళ్ళీ ఇంకో పది. చివరి మూడు సార్లలో ఒక్క మాట కూడా కష్టంగా రావాలి. పవర్ మీటర్ ఉంటే ఎఫ్‌టీపీకి, అంటే దాదాపు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శక్తికి, 120 శాతం దగ్గర. గురువారం: గంటకి 25 కిలోమీటర్ల వేగం నుంచి 12 సెకన్ల స్ప్రింట్లు ఎనిమిది, మధ్యలో మూడేసి నిమిషాలు. మలుపు తర్వాత సందు పూడ్చే పని అచ్చంగా ఇదే. శనివారం క్లబ్ వాళ్ళతో గుంపు సవారీ. ఆదివారం రెండున్నర, మూడు గంటలు మాట్లాడుకుంటూ వెళ్ళే వేగం. ఇలా మూడు వారాలు చేశాక నాలుగో వారం సగానికి తగ్గించండి. రేసులు మొదలయ్యాక సాయంత్రం రేసే మంగళవారం కసరత్తు. రెండూ చేస్తే జూలైకల్లా కాళ్ళు బరువెక్కుతాయి.

శనివారం గుంపు సవారీ మానకండి. ముందున్న చక్రానికి అరమీటరు దూరంలో ఉండటం అక్కడే వస్తుంది. మీ ముందు చక్రం ఎదుటివాళ్ళ వెనక చక్రం పక్కకి చొచ్చుకుపోయి ఉండకూడదు. అవి తగిలితే ముందున్నావిడ సాధారణంగా నిలదొక్కుకుంటుంది, పడేది వెనకున్నవాళ్ళే.

తిండి

ఏడింటికి రేసు అయితే ఒంటిగంటకి అన్నం, కొంచెం పప్పు, పెరుగు. నెయ్యి, వేపుళ్ళు, ఆవకాయ ఆ పూటకి పక్కన పెట్టండి. కొవ్వు, కారం కడుపులో నిలిచిపోయి గట్టిగా తొక్కగానే పైకి తంతాయి. నాలుగున్నరకి మూడు ఇడ్లీలు తేనెతో, లేదా బ్రెడ్డు, జామ్, అరటిపండు. 45 నిమిషాల రేసులో ఒక అరలీటరు సీసా చాలు, తినాల్సిన పని లేదు. రెండు గంటలు దాటే రోడ్ రేసుకి గంటకి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. అరలీటరు నీళ్ళలో 40 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపితే కొన్న పొడికి ఏమీ తీసిపోదు; మిగతా 20 గ్రాములకి ఒక పెద్ద ఖర్జూరం సరిపోతుంది.

ఉపవాసం ఉన్న రోజు రేసు వద్దు, గట్టి కసరత్తూ వద్దు. శాకాహారులు సీజన్ ముందు జీపీని, అంటే మీ స్థానిక డాక్టర్ని, అడిగి ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకోండి. ఇనుము తక్కువైతే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: బరువు తగ్గాలని తిండి తగ్గించి తొక్కుతుంటే నెలసరి ఆగిపోవచ్చు. అది ఫిట్‌నెస్‌కి గుర్తు కానే కాదు, ఎముకలు బలహీనపడుతున్నాయన్న హెచ్చరిక. వెంటనే తిండి పెంచి డాక్టర్ని కలవాలి.

రేసు సాయంత్రం

75 నిమిషాల ముందు చేరుకోండి. సైన్ ఆన్ చేసి, అంటే వచ్చినట్టు సంతకం పెట్టి, నంబర్, మీ ల్యాపులని నమోదు చేసే చిన్న పరికరం ట్రాన్స్‌పాండర్ తీసుకోండి. ట్రాన్స్‌పాండర్ ముందు ఫోర్క్‌కి కట్టాలి, అది లేకపోతే మీ ఫలితం నమోదు కాకపోవచ్చు. నంబర్ ఏ వైపు పెట్టాలో అక్కడే అడగండి. జెర్సీని దిండుకి తొడిగి, నాలుగు మూలలతో పాటు అంచుల మధ్యలోనూ పిన్నులు పెట్టండి. నంబర్‌ని మడతపెట్టకండి.

వార్మప్ 20 నిమిషాలు: పది తేలిగ్గా, తర్వాత ఒక్కో నిమిషం గట్టిగా మూడుసార్లు, చివర పది సెకన్ల స్ప్రింట్లు రెండు. దీన్ని వదిలేసినవాళ్ళకి మొదటి ల్యాప్‌లోనే ఊపిరి అందదు. చెమట ఆరకముందే గీత దగ్గరికి వెళ్ళి మొదటి రెండు వరసల్లో నిలబడండి. మొహమాటపడి వెనక్కి జరిగితే ఆ మొహమాటానికి ప్రతి మలుపులోనూ కాళ్ళే మూల్యం చెల్లించాల్సి వస్తుంది. ముందు పెద్ద చెయిన్‌రింగ్, వెనక మధ్య గేరు. షూ పెడల్‌లో క్లిక్ అవకపోతే కిందికి చూడకుండా అలాగే తొక్కి, వేగం వచ్చాక పెట్టుకోండి.

తర్వాత ముందు మూడోవంతులో ఉండండి, అందరికీ ముందు మాత్రం ఎక్కువసేపు వద్దు. గాలి ఎడమవైపు నుంచి వస్తుంటే ముందున్నావిడకి కొంచెం కుడివైపున, వెనక దాక్కోవాలి. గుంపులో ఉన్నచోటే ఉంటే పక్కనుంచి వచ్చేవాళ్ళ వల్ల తెలియకుండానే వెనక్కి జారిపోతారు. కాబట్టి ల్యాప్‌కి ఒకసారి, తిన్నని దారిలో, రెండు మూడు స్థానాలు ముందుకి జరగాలి. మలుపు లోపల ముందుకి దూరడానికి ప్రయత్నించకండి.

టైరు పంచరైతే ఒక ల్యాప్ ఆగి మళ్ళీ గుంపులో చేరే వీలుందో లేదో కామిసేర్ రేసు ముందే చెబుతారు, విని పెట్టుకోండి. చివరి ల్యాపుల్లో సాధారణంగా ఆ వీలుండదు. వెనకబడిపోతే ఆగకండి. దగ్గర్లో ఉన్న ఒకరిద్దరితో కలిసి వంతులవారీగా ముందు తొక్కండి. ప్రధాన గుంపు మిమ్మల్ని దాటుతున్నప్పుడు మీ గీత మీద మీరు తిన్నగా ఉండండి, వాళ్ళ స్ప్రింట్‌లో కలవకండి.

చివరి ల్యాప్‌కి గంట మోగుతుంది. చివరి మలుపులో మూడు నుంచి ఐదో స్థానంలో ఉండి, ముగింపు గీతకి 200 మీటర్ల దగ్గర స్ప్రింట్ మొదలుపెట్టండి. మొదటి సీజన్‌లో చాలామంది 400 దగ్గరే లేచి, 100 మీటర్లు మిగిలి ఉండగా ఆగిపోతారు. చేతులు కింది వంపులో, దారి తిన్నగా. అడ్డంగా తిరిగితే మిమ్మల్ని అనర్హులుగా ప్రకటిస్తారు. గీత దాటాక ఒక్కసారిగా బ్రేక్ వేయకండి.

పడితే ముందు తల సంగతి చూసుకోండి. తలనొప్పి, మసక, వికారం ఏది ఉన్నా బండి మళ్ళీ ఎక్కకూడదు, కారు నడపకూడదు. నేలకి తగిలిన హెల్మెట్ పగలనట్టు కనిపించినా మార్చేయాలి.

రోడ్ రేసుకి మారడం

మూడో కేటగిరీ వచ్చాక, జూలై ఆగస్టుల్లో రోడ్ రేసు ఒకటి రెండు ప్రయత్నించొచ్చు. మూడో కేటగిరీ ఒకసారి వస్తే పోదు, కాబట్టి తొందరేమీ లేదు. అక్కడ రోడ్డు పూర్తిగా మూసి ఉండదు, ఎదురుగా కార్లు రావచ్చు. మోటార్ సైకిళ్ళ మీద ఎస్కార్టులు, కూడళ్ళలో మార్షల్స్ ఉంటారు. రోడ్డు మధ్య తెల్లగీత దాటితే రేసు నుంచి తీసేస్తారు, కాబట్టి ముందుకి జరగడానికి చోటు సర్క్యూట్‌లో కన్నా తక్కువ. మలుపులకి, ఎక్కుళ్ళకి ముందే మంచి స్థానం పట్టుకోవాలి. వారం ముందు ఆ దారిని ఒకసారి తొక్కి, ఎక్కుడు ఎక్కడ మొదలవుతుందో, గుంతలు ఎక్కడున్నాయో చూసుకుని, ఆ దూరాలు చిన్న కాగితం మీద రాసి హ్యాండిల్‌బార్ పక్కన అతికించుకోండి.