ఇంట్లో బెట్టింగ్ బయటపడితే ఏ పని ముందు, ఏ పని తర్వాత

పెద్దదాని స్కూలు ఫీజు కట్టిన ఎంట్రీ ఒకటి కావాలని బ్యాంకుకు వెళ్లి, పాస్‌బుక్కు ప్రింటయ్యే మెషీన్‌లో పెట్టాను. ఒక పేజీ కొట్టి తిప్పమంది. తిప్పాను. మళ్లీ తిప్పమంది. అలా ఐదు పేజీలయ్యాక పుస్తకం నిండిపోయింది, లెక్క మాత్రం ఇంకా మూడు వారాలది మిగిలే ఉంది. వెనక నిలబడ్డాయన "ఏం వ్యాపారమమ్మా మీది?" అన్నాడు. మాకు వ్యాపారం లేదు. నేను తెనాలిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మా ఆయన ఆటో విడిభాగాల కొట్లో లెక్కలు రాస్తారు.

ఒకే తేదీ మీద ముప్పై ఎనిమిది వరసలున్నాయి. 500, 500, 1000, 200, 2000, మళ్లీ 500. ఎదురుగా ఎవరో ట్రేడర్స్, ఎవరో ఎంటర్‌ప్రైజెస్, ఎప్పుడూ వినని మనుషుల పేర్లు. బెట్టింగ్ నడిపేవాళ్లు ఊరూపేరూ లేనివాళ్ల ఖాతాల్లో డబ్బు వేయించుకుంటారని నాకు అప్పుడు తెలియదు. మీ ఇంటి పాస్‌బుక్కులో ఇలాంటి పేర్లు వరసగా కనిపిస్తే ఆ రోజే అడగండి. రాత్రి రెండింటికి బాత్రూంలో ఫోన్ వెలుతురు, చీటీ కట్టడం ఆగిపోవడం, మ్యాచ్ ఉన్న రోజు అన్నం మీద ధ్యాస లేకపోవడం మా ఆయన దగ్గర నేనూ చూశాను. పని ఒత్తిడి అనుకున్నాను.

ఇది మూడేళ్ల కిందటి మాట. ఆ తర్వాత నా దగ్గర కుట్టించుకునేవాళ్ల ఇళ్లలో నాలుగైదు చోట్ల ఇదే చూశాను. అందరం ఒకే తప్పు చేశాం. పరువు పోతుందని ముందు అప్పు తీర్చేశాం.

నేను హారం, రెండు గాజులు అమ్మి 2,40,000 కట్టాను. ఆయన పిల్లల మీద ఒట్టు వేశారు. ఆ ఒట్టు అబద్ధం కాదు, వేసేటప్పుడు మనస్ఫూర్తిగానే వేశారు. డెబ్భై రోజులకు మళ్లీ మొదలైంది. అప్పు తీరగానే ఇచ్చినవాళ్లు మళ్లీ ఇస్తారు, ఫోన్‌లో దారులన్నీ తెరిచే ఉంటాయి, తలలో "పోయింది రాబట్టుకోవాలి" అన్న మాట తిరుగుతూనే ఉంటుంది. అది బుద్ధిలేనితనం కాదు, జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూదం వ్యసనం మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కనే ఉంది. కాబట్టి అప్పు తీర్చడం చివరి పని. దానికి ముందు చెయ్యాల్సినవి ఇవి.

ముందు మనిషి ప్రాణం

బయటపడిన రాత్రి చాలా ప్రమాదకరమైన రాత్రి. మొదటిసారి నేను కేకలు వేశాను, అత్తయ్యగారు శోకాలు పెట్టారు, మా అన్నయ్య చెయ్యెత్తాడు. ఆయన తలుపేసుకుని కూర్చున్నారు. ఆ తలుపు అవతల ఏమైనా జరిగి ఉండొచ్చని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

రెండోసారి అలా చెయ్యలేదు. పిల్లలను పడుకోబెట్టి ఆయన పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా అండీ?" అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడకండి, అలా జరగదు. అడిగితే మనిషి మనసులోది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆయన చాలాసేపటికి "రెండుసార్లు అనుకున్నాను" అన్నారు. మామయ్యగారు పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు వసారా గూట్లో ఉండేవి. ఆ రాత్రే అవి పక్కింటి పిన్నిగారింటికి చేర్చి తాళం వేయించాను. మీ ఇంట్లోనూ పురుగుమందు, ఎక్కువ మోతాదులో మాత్రలు ఉంటే ముందు అవి తీసేయండి. కొన్ని రోజులు మనిషిని ఒంటరిగా వదలొద్దు.

అర్ధరాత్రి 14416కు ఫోన్ చేశాను. అది టెలీ మానస్, మనసు బాధలకు సాయం చేసే ఫోన్ లైను, ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. డబ్బు తీసుకోరు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. బాధపడుతున్న మనిషే చెయ్యాలని లేదు, ఇంట్లోవాళ్లూ చెయ్యొచ్చు. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే మాత్రం ఆలోచించకుండా 108కి చెయ్యండి.

అప్పులన్నీ ఒకే కాగితం మీద

మూడో రోజు నా కొలతల పుస్తకంలో వెనక పేజీ తీసి గళ్లు గీశాను. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎప్పుడు కట్టాలి, తాకట్టు ఏముంది. పెన్ను ఆయనకే ఇచ్చాను. రాసేటప్పుడు ఒక్క మాట కూడా అనకూడదని ముందే నాలో నేను అనుకున్నాను. మధ్యలో తిట్టామా, తర్వాతి వరస దాచేస్తారు.

మొదట రాసింది లక్షా ఎనభై వేలు. మూడుసార్లు కూర్చునేసరికి 6,35,000 అయింది. మొదటి అంకె నిజం కాదని ముందే అనుకుని కూర్చోండి, కోపం తగ్గుతుంది. "ఇంకేమైనా ఉందా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. దేనికది అడగాలి. స్నేహితుల దగ్గర చేబదులు? నోటు రాసిచ్చినవి? రోజువారీ ఫైనాన్స్? పాడుకున్న చీటీ? ఎవరి బంగారమైనా తాకట్టులో ఉందా? నా పేరు మీద, అత్తయ్యగారి పేరు మీద ఏమైనా తీశారా? లోన్ యాప్‌లు ఎన్ని? పందేలు కట్టించుకునే బుకీకి ఎంత?

అన్నీ అయ్యాక ఆయన "కొట్టు" అని రాసి పెన్ను ఆపేశారు. ఎదురుగా అంకె వెయ్యలేదు. పెన్ను మొన అక్కడే ఆనించి ఉంచితే సిరా చుక్క పెద్దదైంది. చివరికి 42,000 అని రాశారు. అది గల్లాపెట్టె డబ్బు. మర్నాడు ఉదయం ఇద్దరం వెళ్లి యజమానికి చెప్పాం. ఆయన కోప్పడ్డారు, క్యాష్ తాళాలు తీసుకున్నారు, నెలకు 3,000 జీతంలో పట్టుకుంటానన్నారు. ఉద్యోగం ఉంచారు. అందరికీ ఇలా జరగకపోవచ్చు. కానీ ఎవరో కనిపెట్టేదాకా ఆగేకంటే ముందే వెళ్లి చెప్పడం నయం.

మాటల మీద నమ్మకం పెట్టుకోకుండా రుజువు కూడా చూసుకోండి. మనిషి పేరు మీద ఏ అప్పులున్నాయో చూపించే క్రెడిట్ రిపోర్టు ఇచ్చే సంస్థలు మన దేశంలో నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోదాని దగ్గర ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. ఆయనదే కాదు, మీదీ తీయండి. ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో కనిపిస్తుంది. మాకు తెలియని సిమ్ ఒకటి అక్కడే దొరికింది.

డబ్బు వెళ్లే దారులు మూసేయడం

ఇది శిక్షలా చెయ్యకూడదు. కాలు విరిగినవాడికి కట్టు కట్టినట్టు కొన్నాళ్లకని ఇద్దరూ ఒప్పుకుని చెయ్యాలి. జీతం పడే ఖాతా ఆయనదే, కానీ ఆ సిమ్ నా చిన్న ఫోన్‌లో ఉంటుంది కాబట్టి ఓటీపీలు నాకు వస్తాయి. బ్రాంచికి వెళ్లి ఆయన ఖాతాకు యూపీఐ తీయించేశాం. డెబిట్ కార్డుకు ఆన్‌లైన్ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆపేసుకోవచ్చు, అదీ చేశాం. మామయ్యగారి ఫోన్ పిన్ మార్చాం, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లే రెండో దారి. మిగిలిన బంగారం లాకర్లో పెట్టాం. రాత్రి పదింటికి అందరి ఫోన్లూ వంటింట్లో బియ్యం డబ్బా మీదకు వెళ్తాయి, నాదీ, పిల్లదీ కూడా. ఆయన ఒక్కరిదే తీసుకుంటే అవమానం అవుతుంది.

చేతి ఖర్చుకు వారానికి 500 నగదు. లెక్క అడగను. టీకి కూడా చెయ్యి చాచాల్సి వస్తే మనిషి మళ్లీ అబద్ధాల్లోకి వెళ్లిపోతాడు.

అప్పిచ్చే చుట్టాలకు, స్నేహితులకు నేనే చెప్పాను: "ఆయన అడిగితే డబ్బు ఇవ్వొద్దు, నాకు ఫోన్ చెయ్యండి." పరువు గురించి నేను నెల రోజులు ఏడ్చింది ఈ ఫోన్ల ముందే. చేశాక తెలిసింది, సగం మందికి అప్పటికే తెలుసు.

వైద్యం

గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లాను. విశాఖలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఆన్‌లైన్ ఆటలు వదల్లేనివాళ్లకు ప్రత్యేక క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. జూదం మాన్పించే మాత్ర అంటూ ఒకటి ఉండదు. దిగులుకు, నిద్రలేమికి అవసరమైతే మందు రాస్తారు. అసలు పని కౌన్సెలింగ్‌లో జరుగుతుంది. ఏ వేళకు బుద్ధి అటు లాగుతోంది, లాగినప్పుడు ఆ అరగంట ఎలా దాటాలి, "ఇంకొక్క ఆట గెలిస్తే" అన్న లెక్క ఎక్కడ తప్పు అన్నవి కూర్చోబెట్టి విడమరుస్తారు. మా ఆయనకు జీతం రోజు, ఆదివారం రాత్రి ఎక్కువని అక్కడే తేలింది. జీతం రోజు సాయంత్రం ఇప్పుడు ఆయన చిన్నదాన్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తారు, దార్లో సరుకులు కొంటారు. మొదటి ఆరు వారాలు ఒక్కసారి కూడా మానకుండా తీసుకెళ్లండి. రెండు సిట్టింగులకే "బాగైపోయాను" అంటారు, మా ఆయనా అన్నారు.

ఇప్పుడు అప్పుల సంగతి

కొట్టు డబ్బు, తర్వాత నూటికి మూడు రూపాయల వడ్డీవి, తర్వాత మిగతావి. ఎవరికైనా సరే ఆయన చేతికి డబ్బివ్వకుండా మీరే కట్టి రసీదు తీసుకోండి. నోటు ఉంటే వెనక్కి తీసుకుని చించేయండి.

బుకీ బాకీ వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ డబ్బు కోసం కోర్టుకు వెళ్లే హక్కు వాడికి లేదు. బెదిరిస్తే మాటలు రికార్డు చేసి పోలీసులకు ఇవ్వండి. తెలంగాణలో 2017లో, మన ఆంధ్రలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధించారు. లొకేషన్ మార్చే యాప్ పెట్టుకుని మా ఆయన అవే ఆడారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంలో శిక్షలు నడిపేవాళ్లకు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు ఉన్నాయి, ఆడి నష్టపోయినవాళ్లకు లేవు. అయితే రాష్ట్ర చట్టాల్లో ఆడినవాళ్ల మీదా కేసు పెట్టే వీలుంది. అందుకే స్టేషన్‌కు వెళ్లే ముందు 15100కు ఫోన్ చేసి న్యాయ సహాయం అడగండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అది ఉచితం.

లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్చి చుట్టాలకు పంపుతామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి. భయంతో ఇంకో యాప్‌లో అప్పు తీసి కట్టకండి, మాకు పదకొండు యాప్‌లు అలాగే అయ్యాయి. రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థల వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. చేస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, తేలకపోతే రిజర్వు బ్యాంకులో ఇలాంటి ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దాని ఫోన్ 14448.

మళ్లీ జారితే

జారారు. కిందటేడాది సంక్రాంతికి మా పుట్టింటి వైపు కోడి పందాల బరి దగ్గర ఎవరో 2,000 చేతిలో పెట్టారు, పోయింది. కానీ ఆ రాత్రే వచ్చి చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చుకుని వచ్చి, పుస్తకం తీసి ఆ వరస కూడా రాయించాను. మర్నాడు కౌన్సెలర్‌కు ఫోన్ చేశాం. ఈసారి పండక్కి ఊరు వెళ్లలేదు. ఐపీఎల్ రెండు నెలలూ టీవీ రీఛార్జి చెయ్యం. ఆయన సాయంత్రాలు నా దగ్గర కూర్చుని హుక్స్ కుడతారు, మొదట్లో వంకరగా వచ్చేవి.

మీ గురించి కూడా ఒక మాట. నేను ఆ ఏడాది ఆరు కిలోలు తగ్గాను, మిషన్ మీద కూర్చుంటే చేతులు వణికేవి. అదే 14416కు నా కోసం కూడా నాలుగుసార్లు చేశాను. చెయ్యి చేసుకుంటే, మీ బంగారం కోసం కొడితే, ఓపిక పట్టకండి, ఆడవాళ్ల సహాయ నంబరు 181కి చెయ్యండి. జబ్బుకు సాయం చెయ్యడం వేరు, దెబ్బలు తినడం వేరు.

కొలతల పుస్తకంలో వెనక పేజీ ఇంకా ఉంది. పదిహేడు వరసల్లో పధ్నాలుగు కొట్టేశాం. మిగిలిన మూడూ చేబదుళ్లే. వచ్చే శ్రావణానికి పెళ్లి బ్లౌజుల ఆర్డర్లు వస్తే ఒకటి తీరుతుంది.