నానోతీగల మొదటి బ్యాచ్‌కి ముందు

సిలికాన్ నానోతీగలు, అంటే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి తీగలు, మొదటిసారి చేయబోయే రీసెర్చ్ పిల్లలు లేజర్ అంటే హడలిపోతారు. మంచిదే. కాకపోతే ప్రాణం మీదికి తెచ్చేది కెమికల్ గదిలో, నీళ్లలా అమాయకంగా కనిపించే ప్లాస్టిక్ సీసాలో ఉంటుంది.

లేజర్ సంగతి రెండు ముక్కల్లో. తీగలు ఎక్కడ రావాలో చూపే అచ్చు (టెంప్లేట్) గీయడానికి వాడే హీలియం-కాడ్మియం లేజర్ 325 నానోమీటర్లది, కంటికి కనపడదు. తెల్ల విజిటింగ్ కార్డు అడ్డం పెడితే నీలంగా మెరిసే చుక్కే దాని జాడ. 325 అని రాసి ఉన్న కళ్లజోడే పెట్టుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. స్క్రూ కిందపడిందని వంగేముందు లేజర్ షట్టర్ మూయండి, లేకపోతే కళ్లు కిరణం ఎత్తుకి వస్తాయి.

ఇక ఆ సీసాలోని హెచ్ఎఫ్, అంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. రంధ్రాల బంగారు పొర ఉన్న వేఫర్‌ని (పలచటి సిలికాన్ బిళ్లని) హెచ్ఎఫ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రావణంలో ముంచితే, బంగారం కింది సిలికాన్ కరిగిపోతుంది. రంధ్రాల దగ్గర మిగిలింది తీగలై నిలబడుతుంది. గాజు బీకరు వాడొద్దు, హెచ్ఎఫ్ దాన్నీ తినేస్తుంది. పలచటి హెచ్ఎఫ్ చర్మం మీద పడితే అప్పటికప్పుడు మంట పుట్టకపోవచ్చు. హాస్టల్‌కెళ్లి పడుకున్నాక అర్ధరాత్రి నొప్పి మొదలవుతుంది. ఆలోపు అది లోపలికి దిగి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే పడిందన్న అనుమానం వచ్చినా వెంటనే తడిసిన బట్టలు తీసేసి 5 నిమిషాలు నీళ్ల కింద కడగండి. తర్వాత 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దుతూ ఆసుపత్రికి బయల్దేరండి. నేను చేరిన కొత్తలో డ్రాయర్లో ట్యూబ్ తీసి చూస్తే గడువు దాటి ఏడాది! మీదీ ఈ రోజే చూసుకోండి. లోపల నైట్రైల్, పైన మందపాటి నియోప్రీన్ గ్లవ్స్, ఏప్రాన్, ఫేస్ షీల్డ్ ఉండాలి. ఒంటరిగా మాత్రం వద్దు.

వాడేసిన ద్రావణం గ్యాస్ వదులుతుంది. బిగుతు మూత పెట్టొద్దు, అందులో అసిటోన్ కలపొద్దు.

తీగల్ని గాలికి ఆరబెడితే తడి కుంచె వెంట్రుకల్లా కొసలు అతుక్కుంటాయి. అలా అతుక్కోకుండా ఆరబెట్టే క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్ వాడితే అందులో కార్బన్ డయాక్సైడ్ పీడనం సుమారు 73 అట్మాస్ఫియర్లు దాటుతుంది. గేజ్ సున్నాకి రాకుండా మూత జోలికి పోకండి.

చివర తీగల మీద అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పూత, పొర మీద పొరగా. దానికి వాడే ట్రైమిథైల్ అల్యూమినియం గాలి తగిలితే భగ్గుమంటుంది. 10 నానోమీటర్ల పూతకి దాదాపు 100 సైకిళ్లు, అంటే అన్నిసార్లు పొర వేయడం, పడుతుంది. వర్షాకాలం కదా, మధ్యలో కరెంటు పోతే ట్రైమిథైల్ అల్యూమినియం సిలిండర్ వాల్వు దానంతటదే మూసుకుంటుందో లేదో ఇన్‌ఛార్జిని ముందే అడగండి.