వంద మంది గోబ్లిన్లు ఒకేసారి మీద పడితే: టేబుల్‌టాప్ ఆటలో పెద్ద యుద్ధం నడపడం ఎలా?

నలభై మంది గోబ్లిన్లు (కథల్లోని పొట్టి రాక్షసులు), ఒక్కొక్కరికి ఒక్కో పాచిక. ఒక్క దాడికి 20 సెకన్లే పట్టిందనుకున్నా శత్రువుల వంతు అయ్యేసరికి 13 నిమిషాలు దాటుతుంది. ఈలోగా ఆటగాళ్ల చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తాయి. రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక కథాపాత్రగా ఆడే ఆటల్లో, పెద్ద యుద్ధాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. సైన్యాల లెక్కను, కథనూ శత్రువులనూ నడిపే గేమ్ మాస్టర్ రెండు నిమిషాల్లో తేల్చేసి, మిగతా సమయమంతా వీరుల (ఆటగాళ్లు నడిపే పాత్రల) నిర్ణయాలకు వదిలేయాలి. కింద గోబ్లిన్లు, భటులు, దెబ్బలు, ఫైర్‌బాల్ అంకెలు ఇలాంటి ఆటల్లో ఒకటైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల ప్రకారం ఇచ్చినవి.

1. మూడు చోట్లు ఎంచుకోండి

చదును మైదానంలో రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలబెడితే ఆటగాళ్లకు నరకడం తప్ప పనుండదు. విశాఖ వాళ్లకు మంచి నేల కళ్లెదురుగానే ఉంది: డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనుంచి ఓడరేవులోకి పోయే ఇరుకు కాలువ, అవతల పొడవాటి బీచ్. పేర్లు మార్చి మీ కల్పిత రేవుకి ఇదే పటం గీసుకోండి. కాలువకు అడ్డంగా ఇనుప గొలుసు, కొండ మీద దీపస్తంభం, ఇసుకలో దిగుతున్న శత్రువుల పడవలు.

ఒక్కో చోటికీ "ఎవరూ వెళ్లకపోతే ఏమవుతుంది?" అన్నది ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. గొలుసు తెగితే శత్రు ఓడలు రేవులోకి వచ్చేస్తాయి. దీపం ఆరితే సాయానికి వచ్చే ఓడలు రాళ్లకు కొట్టుకుంటాయి. నలుగురు వీరులు మూడు చోట్లా గట్టిగా నిలబడలేరు, ఏదో ఒకటి వదులుకోవాలి. ఆట రక్తి కట్టేది ఆ వాదులాటలోనే, తొందరపెట్టకండి.

2. పదిమందిని ఒక దళం చేయండి

శత్రు దళానికో చింతపిక్క, మనవాళ్ల దళానికో గవ్వ. కాగితం ముక్కలు వద్దు, ఫ్యాను వేయగానే సైన్యం మంచం కిందికి పోతుంది. పిక్కలను అష్టాచెమ్మాకి అరగదీసినట్టే ఒకవైపు తెల్లగా అరగదీయండి. దళం నిండుగా ఉంటే నల్లవైపు, సగానికి పడిపోతే తెల్లవైపు పైకి. గవ్వనైతే అప్పుడు బోర్లా తిప్పితే సరి. దళం మొత్తానికి ఒకే హిట్ పాయింట్ల (ఎంత దెబ్బకు తట్టుకోగలరన్న అంకె) లెక్క: ఒక్కో గోబ్లిన్‌కి 7, కాబట్టి దళానికి 70. ఒక్కో కాపలా భటుడికి 11, కాబట్టి దళానికి 110.

3. పాచిక వేయకుండా దెబ్బలు లెక్కపెట్టండి

గోబ్లిన్ దాడి బోనస్ (పాచికకు కలిపే అంకె) 4, భటుడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే మొత్తం చేరాల్సిన అంకె) 16. అంటే ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 12 పడాలి. ఆ నియమాల్లోని గుంపు దాడుల పట్టిక ప్రకారం, పడాల్సిన కనీస అంకె 5 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే ప్రతివాడూ తగిలిస్తాడు. 6 నుంచి 12 వరకు ఇద్దరికి ఒక దెబ్బ, 13-14 అయితే ముగ్గురికి, 15-16 అయితే నలుగురికి, 17-18 అయితే అయిదుగురికి ఒకటి. 19 కావాలంటే పదిమంది, 20 కావాలంటే ఇరవై మంది ఉండాలి.

పది గోబ్లిన్లు 5 దెబ్బలు, ఒక్కోటి 5 పాయింట్లు: భటుల దళం 110 నుంచి 85కి దిగుతుంది. భటులకూ 12 పడాలి. 5 దెబ్బలు, ఒక్కోటి 4: గోబ్లిన్లు 70 నుంచి 50కి. మిగిలిన పాయింట్లను ఒక్కొక్కరి పాయింట్లతో భాగించి పైఅంకెకు సవరిస్తే రెండువైపులా ఎనిమిదేసి మంది. ఇలాగే ఇంకో విడత వేస్తే గోబ్లిన్లు 5, భటులు 6. సరిసమానమైన దళాలు ఇలా ఒకరినొకరు అరగదీసుకుంటూనే ఉంటాయి. వీరుడు అడుగుపెట్టాల్సింది అక్కడే.

దళాలు ఆరు సెకన్ల రౌండుకోసారి (అందరికీ ఒక్కో వంతు వస్తే ఒక రౌండు) కొట్టుకుంటే నిమిషంలో యుద్ధం అయిపోతుంది. అందుకే వీరులు మూడు రౌండ్లు ఆడాక దళాలకు ఒక విడత ఇవ్వండి.

4. చావుకంటే ముందు పరుగు

ఏ సైన్యమూ చివరి మనిషి దాకా నిలబడదు. దళం సగానికి పడగానే రెండు ఆరుముఖాల పాచికలు వేయండి. 7 దాటితే ఆ దళం పారిపోతుంది. 36లో 15 సార్లు ఇలా జరుగుతుంది. దళంతో నాయకుడుంటే హద్దు 9 చేయండి, అప్పుడు 36లో 6 సార్లే. ఈ తేడా ఆటగాళ్లకు ముందే చెప్పేయండి. అప్పుడు వీరులు పిక్కలను వదిలేసి నాయకుడి వెంట పడతారు, మనకు కావలసిందీ అదే.

5. ఫైర్‌బాల్ దగ్గర జాగ్రత్త

మాంత్రికుడు ఫైర్‌బాల్ (పేలే నిప్పుల బంతి మంత్రం) వేస్తే సగటున 28 పాయింట్లు. దాని వ్యాసార్థం 20 అడుగులు. ఎంతమందికి తగిలిందో తేల్చడానికి దాన్ని అయిదుతో భాగిస్తే నలుగురికి తగిలినట్టు. చాలామంది 28ని నాలుగుతో హెచ్చవేసి 112 తీసేస్తారు, దళం మాయమైపోతుంది. ఒక గోబ్లిన్ నుంచి 7కి మించి తీయకూడదు, కాబట్టి పోయేది 28 మాత్రమే. కత్తి దెబ్బకూ ఇదే నియమం: 15 కొట్టినా పడేది ఒక్క గోబ్లినే. ఇరుకు ద్వారంలో కిక్కిరిసి ఉన్నారంటే నలుగురిని ఎనిమిది చేయండి, మాంత్రికుడు అలగడు.

6. చోట్ల మధ్య తిరగండి

వీరులు విడిపోతే ఒక్కో చోటికి పది నిమిషాలకు మించి ఇవ్వకండి. గొలుసు దగ్గర గొడ్డలి పైకి లేవగానే ఆపి కొండ మీదికి వెళ్లిపోండి. ఆ చోట లేని ఆటగాళ్లకు అక్కడి గవ్వలు అప్పగిస్తే భటుల దళాలను వాళ్లే నడుపుతారు, మీకూ లెక్క తగ్గుతుంది. పారిపోయిన పిక్కలను డబ్బాలో పడేయకుండా పటం అంచున పెట్టండి. బతికున్న నాయకుడు ఒక విడత ఖర్చుపెడితే ఒక పిక్కను మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు.