షుగర్ ఫ్రీ బిస్కెట్లు కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా షుగర్ ఫ్రీ బిస్కెట్లకి ఒక అర ఉంటుంది. రేటు మామూలు వాటికంటే బాగా ఎక్కువ. నాన్నగారు అవి తిన్నా షుగర్ పెరుగుతూనే ఉంటే, వెనక పట్టిక చూడటం అలవాటు చేసుకున్నాం.

షుగర్ అన్న వరస వదిలేసి, దానిపైన ఉండే కార్బోహైడ్రేట్ (పిండి, చక్కెర అన్నీ కలిపి, ఒంట్లో చాలావరకు గ్లూకోజ్ అయ్యేది) అంకె చూడండి. 100 గ్రాములకి 70 అని ఉందనుకోండి. ఒక్కో బిస్కెట్ 8 గ్రాములైతే, టీతో మూడు తింటే దాదాపు 17 గ్రాముల కార్బోహైడ్రేట్. టీ చెంచా పంచదార సుమారు 4 గ్రాములు కాబట్టి, నాలుగు చెంచాల లెక్క! పక్క అరలో మామూలు మారీ బిస్కెట్ పట్టిక కూడా చూడండి, పెద్ద తేడా ఉండదు.

తర్వాత పదార్థాల జాబితా. ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. మొదటి పేరే మైదా అయితే తీపి తీసేసినా ఒరిగేదేం లేదు, మెత్తగా మర పట్టిన పిండి తొందరగా గ్లూకోజ్ అయిపోతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) కనబడితే ప్యాకెట్ అక్కడే పెట్టేయండి. తియ్యగా ఉండదు గానీ షుగర్ పెంచడంలో పంచదారకి తీసిపోదు.

మేమిప్పుడు టీ పక్కన గుప్పెడు వేయించిన శనగలు పెడుతున్నాం, పొట్టుతోనే.

పంచదార బదులు మాల్టిటాల్ అనే తీపి పదార్థం వేసిన చాక్లెట్లకి మాత్రం ఈ లెక్క సరిగ్గా కుదరదు. అదీ కార్బోహైడ్రేట్‌లోనే కలుస్తుంది గానీ షుగర్‌ని పంచదారంత పెంచదు. అలాగని ఎక్కువ తింటే కడుపు ఉబ్బి, విరేచనాలవుతాయి.