గోదారి 43 అడుగులు దాటకముందే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) చేసుకోవాల్సిన పనులు

జులై వచ్చిందంటే భద్రాచలం చుట్టుపక్కల, దిగువన ఉన్న కూనవరం, వీఆర్ పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో అందరూ అడిగేది ఒకటే, గోదారి ఎన్ని అడుగులుంది అని. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న 71.3 దాకా వెళ్లింది, 1986 ఆగస్టులో అయితే 75.6. ఈ లెక్కలు రెవెన్యూ వాళ్లు, ఇరిగేషన్ వాళ్లు చూసుకుంటారులే అని ఊరుకోవద్దు. పీహెచ్‌సీ వరద ప్లాన్ కూడా ఈ అడుగుల మీదే నడవాలి. "వరద వచ్చినప్పుడు తగిన చర్యలు తీసుకోబడును" అని రాసిన కాగితం వల్ల ఒక్క ప్రాణం కూడా నిలబడదు.

మొదట చేయాల్సింది, మీ పరిధిలో ఉన్న ప్రతి ఊరికీ ఎదురుగా ఒక అంకె రాసుకోవడం: భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంటే ఈ ఊరి దారి తెగుతుంది? ఊరు మునగడం కాదు, దారి తెగడం. ఇళ్లలోకి నీళ్లు రావడానికి చాలా ముందే వాగు మీద కాజ్‌వే మునిగిపోతుంది, గోదారి ఎగపోటుకి దాంట్లో కలిసే శబరి నది వెనక్కి తన్ని ఎక్కడో లోపలి రోడ్డు మీదకి వస్తుంది, 108 అక్కడే ఆగిపోతుంది. ఈ అంకె ఆఫీసు ఫైళ్లలో దొరకదు. పడవ నడిపేవాళ్లని, ఆటో వాళ్లని, ఆ ఊళ్లోనే పుట్టిపెరిగిన ఆశా కార్యకర్తని అడగండి, ఖచ్చితంగా చెప్తారు. రాసిన కాగితం ఒకటి పీహెచ్‌సీ గోడకి, ఒకటి సబ్ సెంటర్‌లో, ఒకటి పంచాయతీ సెక్రటరీ దగ్గర ఉండాలి, ఎందుకంటే డాక్టరు గారు ట్రాన్స్‌ఫర్ అయితే ఆయనకి తెలిసిందంతా ఆయనతోనే వెళ్లిపోతుంది.

తర్వాత మనుషుల పేర్లు. రాబోయే నెల, నెలన్నరలో డెలివరీ డేట్ ఉన్న గర్భిణులు, రక్తహీనత లేదా బీపీ ఉన్నవాళ్లయితే ఇంకా ముందు నుంచే. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, టీబీ మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, సికిల్ సెల్ ఉన్న పిల్లలు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఫోన్ లేకపోతే పక్కింటి వాళ్ల నంబరు. రోజూ వేసుకునే మందులున్న వాళ్లకి జూన్ చివర్లోనే నెలకి సరిపడా కాకుండా రెండు నెలలకి ఇచ్చేయండి.

గర్భిణులని తరలించడం దగ్గరే అసలు కష్టం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఎగువన కాళేశ్వరం, పేరూరు దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని తెలిసిన రోజే కదలాలి, ఆ నీళ్లు మన దాకా రావడానికి పట్టే టైమే మన చేతిలో ఉన్న టైమ్. కానీ గర్భిణి వెంటనే రాదు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటారు, మేకలుంటాయి, కోళ్లుంటాయి, నాట్ల పని ఉంటుంది, పైగా ఆస్పత్రిలో పదిహేను రోజులు ఊరికే కూర్చోవడమేంటని అత్తగారు అంటుంది. ఆమె మొండితనం అనుకుని కేకలేస్తే పని జరగదు. వరద లేని రోజుల్లోనే, జూన్‌లోనే, అత్తగారిని కూర్చోబెట్టి కోయ భాష మాట్లాడే ఆశాతోనో ఏఎన్ఎంతోనో మాట్లాడించండి. చిన్నపిల్లల్ని కూడా తనతో తెచ్చుకోవచ్చని, తోడు వచ్చినవాళ్లకి కూడా భోజనం ఉంటుందని చెప్పండి, చెప్పే ముందు అది నిజంగా ఉండేలా ఆస్పత్రిలో మాట్లాడి పెట్టుకోండి. ఒకసారి మాట తప్పితే వచ్చే ఏడాది ఆ ఊరి నుంచి ఎవరూ కదలరు.

మందుల విషయంలో ఒక్కటే సూత్రం, దారి తెగే ఊళ్లకి స్టాక్ ముందే వెళ్లాలి. పీహెచ్‌సీ స్టోర్‌లో ఎన్ని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నా వాగు అవతల ఉన్న బిడ్డకి ఉపయోగం లేదు. ఓఆర్‌ఎస్, జింక్, పారాసిటమాల్, మలేరియా పరీక్ష కిట్లు, మలేరియా మందులు, డెలివరీ కిట్ సబ్ సెంటర్‌లో గట్టు మీద, తడవని చోట పెట్టండి. పాముకాటు మందు సంగతి వేరు. నీళ్లు పుట్టల్లోకి రాగానే పాములు కూడా మనలాగే మెరక వెతుక్కుంటాయి. యాంటీ వీనమ్ ఒక మనిషికి మొదట్లోనే 8 నుంచి 10 వయల్స్ పడుతుంది, చిన్నపిల్లలకీ అంతే డోసు, కాబట్టి "స్టాక్‌లో 10 ఉన్నాయి" అంటే ఒక్కరికి సరిపడా ఉందని అర్థం. పక్కనే అడ్రినలిన్ కూడా ఉండాలి, రియాక్షన్ వస్తే వెతుక్కునే టైమ్ ఉండదు. యాంటీ వీనమ్‌లో పొడి రూపంలో ఉండే రకం తెప్పించుకుంటే కరెంటు పోయినా టెన్షన్ తగ్గుతుంది. టీకాలకి మాత్రం 2 నుంచి 8 డిగ్రీలు తప్పనిసరి, జనరేటర్‌కి డీజిల్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, కరెంటు పోయాక ఫ్రిజ్ మూత ఊరికే తెరవొద్దు.

నీళ్లు. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు మామూలు లెక్క, కానీ వరద నీళ్లు కలిసిన ట్యాంకుకి అది చాలకపోవచ్చు, మూత తీసి ఎన్నాళ్లో అయిన బస్తాలో పౌడర్‌కి అసలు బలమే ఉండదు. అందుకని లెక్కని నమ్ముకోకుండా క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూసే కిట్) చూడండి. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి, ట్యాంకు దగ్గర కాకుండా ఊరి చివరి కుళాయి దగ్గర పరీక్ష చేయాలి. లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. మునిగిన చేతిపంపు నీళ్లు తేటపడేదాకా కొట్టి, క్లోరిన్ వేసి, టెస్ట్ చేశాకే తాగనివ్వండి.

వరద తగ్గిన తర్వాత సిబ్బంది అలసిపోయి ఉంటారు, పైనుంచి వచ్చిన అదనపు డాక్టర్లు వెళ్లిపోతారు, సరిగ్గా అప్పుడే జబ్బులు ఒకదాని తర్వాత ఒకటి మొదలవుతాయి. మొదటి రోజుల్లో వాంతులు, విరేచనాలు. ఒకే వీధిలో ముగ్గురు నలుగురికి వచ్చాయంటే ఐహెచ్‌ఐపీలో (జబ్బుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) ఎంట్రీ చేసి ఊరుకోకుండా జిల్లాకి ఫోన్ చేయండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మలం శాంపిల్ తీయండి. వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రబడిన కళ్లు కనిపిస్తే లెప్టోస్పైరోసిస్ అనుమానించండి, ముఖ్యంగా బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికుల్లో. వాళ్లకి ముందుగానే డాక్సీసైక్లిన్ ఇవ్వాలా అనేది మెడికల్ ఆఫీసర్ నిర్ణయించాలి, గర్భిణులకీ చిన్నపిల్లలకీ అది వద్దు. గుంటల్లో నిలిచిన నీళ్లలో దోమలు పెరిగి మలేరియా, డెంగీ రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది, అప్పటికి వరద మాట అందరూ మర్చిపోయి ఉంటారు.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది కామెర్లు. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఇ (E) బయటపడటానికి 2 నుంచి 10 వారాలు పట్టొచ్చు, గర్భం చివరి నెలల్లో ఉన్న ఆడవాళ్లకి ఇది ప్రాణం మీదకి తెస్తుంది. అందుకని వరదప్పుడు రాసుకున్న గర్భిణుల జాబితాని సెప్టెంబరు, అక్టోబరు దాకా పక్కన పెట్టొద్దు. పునరావాస కేంద్రం నుంచి ఇంటికి చేరిన ప్రతి ఒక్కరినీ ఆశా వారానికోసారి చూసి రావాలి, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా, అన్నం చూస్తే వికారంగా ఉందన్నా అదే రోజు పెద్దాస్పత్రికి పంపించండి.