సంక్రాంతికి ఇంట్లోనే హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగు జరిపే విధానం

ఒంగోలు, కావలి ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి బేస్‌బాల్‌పై మక్కువ పెంచుకున్నవారు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు, బంధుమిత్రులతో కలిసి హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే శాశ్వత గౌరవ స్థానం) నమూనా ఓటింగు జరపవచ్చు. అసలు ఫలితాలు సాధారణంగా పండుగ దాటాకే వెలువడతాయి కనుక ఉత్కంఠ తగ్గదు.

ముందుగా అసలు నియమాలనే అందరికీ వివరించండి. కనీసం పది సీజన్లు ఆడి, విరమించి ఐదేళ్లు గడిచిన ఆటగాళ్లే జాబితాకు అర్హులు. ఒక్కో ఓటరు పది పేర్లకు మించి ఎంచుకోరాదు. 75 శాతం ఓట్లు వస్తే ప్రవేశం లభిస్తుంది, 5 శాతం కూడా రాకపోతే పేరు తొలగిపోతుంది, జాబితాలో పదేళ్లు ఉన్నాక గడువు ముగుస్తుంది.

చీటీలు రహస్యంగా రాయించి, లెక్కింపుకు ముందు ప్రతి ఒక్కరిచేత ఒక పేరుకైనా కారణం చెప్పించండి; నా దృష్టిలో ఈ ఘట్టమే ప్రధానం, దీనికి తగినంత సమయం కేటాయించాలి. 2019లో మరియానో రివేరా ఏకగ్రీవంగా ఎన్నికకాగా, 2025లో ఇచిరో సుజుకి ఒక్క ఓటు తేడాతో ఆ గౌరవాన్ని కోల్పోయారు. అదే ఏడాది బిల్లీ వాగ్నర్ తన పదవ, చివరి అవకాశంలో నెగ్గారు. కనుక కొత్తవారి మెరుపులో పాతవారిని మరువవద్దని పెద్దవారు పిల్లలకు తప్పక చెప్పాలి.

జట్లతో ఆటగాళ్లు కుదుర్చుకునే కొత్త ఒప్పందాల చర్చను చివరకు ఉంచండి. మొత్తాన్ని మాత్రమే కాక చెల్లింపు తీరునూ చూడాలి: 2023 డిసెంబరులో డాడ్జర్స్ జట్టుతో ఆటగాడు ఒహ్తాని కుదుర్చుకున్న 70 కోట్ల డాలర్లలో 68 కోట్లు పదేళ్ల ఒప్పంద కాలం ముగిశాకే అందుతాయి.