సైకిల్ ఫ్రేమ్ కొరియర్ చేసే ముందు: దసరా, తుఫాన్ల నెలల్లో చూసుకోవాల్సినవి

దసరా ముందు నుంచి దీపావళి దాకా విజయనగరంలో ఏ కొరియర్ ఆఫీసుకి వెళ్లినా కాలు పెట్టే చోటుండదు. బట్టల మూటలు, ఆన్‌లైన్ సేల్ పెట్టెలు గుమ్మం దాకా వచ్చేస్తాయి. బంగాళాఖాతం మన వైపు చూసేది కూడా సరిగ్గా అప్పుడే. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది. ఫ్రేమ్ అమ్మినా, పగులు బాగుచేయించడానికి బెంగళూరు పంపాలన్నా, సెప్టెంబరులో పని ముగించేయండి. అలా కుదరకపోతే దీపావళి దాటాక వాతావరణం చూసుకుని పంపండి. మధ్యలోనే పంపక తప్పదనుకునేవాళ్లకే ఈ జాగ్రత్తలు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. నా పాత అల్యూమినియం ఫ్రేమ్‌ని హైదరాబాద్‌లో ఒకాయన కొన్నారు. సైకిల్ షాపులో పారేయబోతున్న అట్టపెట్టె అడిగి తెచ్చుకుని, ఫ్రేమ్‌ని అందులో పెట్టి, చుట్టూ పేపర్లు కుక్కి, ఆటోలో కొరియర్ ఆఫీసుకి పట్టుకెళ్లాను. కాటా మీద పెడితే నాలుగు కిలోల చిల్లర. పోనీలే, చవగ్గా అయిపోతుంది అనుకున్నాను. ఈలోపు కౌంటర్ కుర్రాడు టేపు తీసి పెట్టెని కొలిచాడు. పొడవు 140, ఎత్తు 75, వెడల్పు 20 సెంటీమీటర్లు. కాలిక్యులేటర్ నొక్కి, "నలభై రెండు కిలోలకి బిల్లు వేస్తాను సార్" అన్నాడు.

మోసమేమీ లేదు, లెక్కే అలాంటిది. పెద్ద పెట్టెకి కొరియర్లు తూకం బరువు చూడవు, అది బండిలో ఆక్రమించే చోటు చూస్తాయి. మూడు కొలతలూ సెంటీమీటర్లలో గుణించి, చాలామంది 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువుకన్నా ఎక్కువైతే బిల్లు దాని మీదే. కొందరు 4500తో భాగిస్తారు, అప్పుడు ఇంకా పెరుగుతుంది. అందుకే ఫోన్‌లో "కిలోకి ఎంత?" అని అడిగి నలుగురి రేట్లు పోల్చడం వృథా. "దేనితో భాగిస్తారు?" అని కూడా అడగండి. అంతకన్నా ముందు పెట్టెని కోయండి. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) విప్పి ఫ్రేమ్ ట్రయాంగిల్ పక్కన పెడితే, నా సైజు ఫ్రేమ్ 100, 65, 20 పెట్టెలో పట్టేసింది. అంటే 26 కిలోలు. కత్తి, టేపు పట్టుకుని ఓ అరగంట కూర్చుంటే పదహారు కిలోల బిల్లు తగ్గుతుంది. ఏ డిస్కౌంటూ ఇంత ఇవ్వదు.

ఆ మొదటి పార్సిల్ సంగతి ఇంకా ఉంది. అటు వైపు పెట్టె విప్పేసరికి గేరు హ్యాంగర్ (వెనక గేరు వేలాడే చిన్న ముక్క) లోపలికి వంగిపోయింది, వెనక డ్రాపౌట్లు (చక్రం ఇరుసు కూర్చునే చోట్లు) రెండూ దగ్గరకి నొక్కుకుపోయాయి. చక్రం లేని ఫ్రేమ్‌కి వెనక భాగం కత్తెర కాళ్లలాంటిది. పైన ఇంకో పెట్టె పడితే చాలు, మూసుకుపోతుంది. కొరియర్ వాళ్లని అడిగితే "ప్యాకింగ్ సరిగా లేదు" అన్నారు. కోపమొచ్చింది గానీ, వాళ్ల మాటలో అబద్ధం లేదు.

కాబట్టి వెనక డ్రాపౌట్ల మధ్య ఏదో ఒకటి బిగించకుండా పంపొద్దు. కొత్త సైకిళ్లతో వచ్చే ప్లాస్టిక్ స్పేసర్లు ఏ సైకిల్ షాపు చెత్తబుట్టలోనైనా దొరుకుతాయి. లేదంటే పాత హబ్ యాక్సిల్‌కి (చక్రం ఇరుసుకి) రెండు వైపులా నట్లు వేసి బిగించినా సరిపోతుంది. పాత రోడ్ బైకులకి ఆ సందు 130 మిల్లీమీటర్లు, లివర్‌తో విప్పే క్విక్ రిలీజ్ ఎంటీబీలకి (మౌంటెన్ బైకులకి) 135, ఇరుసుని ఫ్రేమ్‌లోకి దూర్చి మరతో బిగించే త్రూ యాక్సిల్ వాటికి 142 లేదా 148. ఫోర్క్‌కీ ఇదే పని చేయాలి. హ్యాంగర్ విప్పి విడిగా కవర్లో పెట్టండి. సీట్ పోస్ట్ తీసేసేటప్పుడు ఎక్కడిదాకా దిగి ఉందో టేపు చుట్టి గుర్తు పెట్టండి, తర్వాత మోకాళ్లు దీవిస్తాయి. గొట్టాలకి చుట్టడానికి ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరికే నల్ల ఫోమ్ పైపుని మించింది నాకు దొరకలేదు. నిలువునా చీల్చి తొడిగేయడమే. కార్బన్ ఫ్రేమ్ అయితే రెండు పొరలు వేయండి, పక్క నుంచి గట్టి దెబ్బ తగిలితే పైకి కనపడకుండా లోపల పొరలు విడిపోతాయి. ఎలక్ట్రానిక్ గేర్ల బ్యాటరీ ఉంటే తీసేసి ఇంట్లో ఉంచుకోండి. లిథియం బ్యాటరీ చెప్పకుండా పెడితే విమానంలో వెళ్లే పార్సిల్ మధ్యలోనే ఆగిపోతుంది.

ఇక ఎవరికి ఇవ్వాలి అన్నది. నేనైతే పేరు చూడను, ఎన్ని చేతులు మారుతుందో చూస్తాను. విజయనగరంలో బుక్ చేసిన పార్సిల్ మామూలుగా విశాఖ వెళ్లి, అక్కడ దింపి, మళ్లీ ఎక్కి, ఆ చివర ఇంకో గోడౌన్‌లో దిగి, అప్పుడు ఇంటికి వస్తుంది. దిగిన ప్రతిచోటా ఒక కళాసీ దాన్ని విసురుతాడు. "మీ బండి ఎన్నింటికి బయలుదేరుతుంది?" అని అడిగి, దానికి ఓ గంట ముందు తీసుకెళ్లండి. శనివారం సాయంత్రం ఇస్తే అది సోమవారం దాకా ఆ ఇరుకు ఆఫీసులో కింద పడుకుంటుంది, మీద మూటలు పడతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు, అంటే దసరా తర్వాత వచ్చే మంగళవారం, మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనం తప్ప బండి కదలదు. ఆ రోజు పికప్ పెట్టుకుని టెన్షన్ పడకండి.

రాష్ట్రం లోపలే అయితే ఆర్టీసీ కార్గో నాకు నచ్చుతుంది. ఇక్కడి బస్ కాంప్లెక్స్‌లో ఇస్తే అవతలి ఊరి కాంప్లెక్స్‌లో తీసుకోవచ్చు, మధ్యలో చేతులు తక్కువ. పెట్టె బస్సు డిక్కీలో పడుతుందో లేదో ముందే వెళ్లి కొలతలు చెప్పి అడగండి. రైలు పార్సిల్‌కి సైకిళ్లు కొత్తేమీ కాదు, వాళ్లకి అలవాటే. కాకపోతే అవతలివాళ్లు స్టేషన్‌కి వచ్చి తీసుకోవాలి, ఆలస్యమైతే వార్ఫేజ్ (సరుకు స్టేషన్‌లో ఉంచినందుకు రుసుము) కట్టాలి. శ్రీకాకుళం వాళ్లకి స్టేషన్ అంటే ఆమదాలవలసే కదా, అక్కడ రైళ్లు ఎక్కువసేపు ఆగవు. నన్నడిగితే విజయనగరం జంక్షన్ దాకా తెచ్చి బుక్ చేయడం మేలు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే మాత్రం రైలు జోలికి పోవద్దు. మన రెండు జిల్లాలూ హౌరా–చెన్నై లైను మీదే ఉన్నాయి, అది ఆగితే అన్నీ ఆగుతాయి.

ఫ్రేమ్ మీకే వస్తుంటే ఇంకో తిరకాసు. టెక్కలి, సోంపేట పక్క ఊళ్ల పిన్‌కోడ్ కొడితే వెబ్‌సైట్‌లో డెలివరీ ఉందనే చూపిస్తుంది. అది కవర్లకి, చిన్న పెట్టెలకి. బైక్ మీద తిరిగే డెలివరీ కుర్రాడు మీటరు పొడవు పెట్టె ఎక్కడ పెట్టుకుంటాడు? ఒకసారి నా పెట్టె చూసి "ఏటి బాబూ ఇది, నిచ్చెనా?" అన్నాడు ఒకాయన. బ్రాంచి వాళ్లకి ఫోన్ చేసి కొలతలు చెప్పండి. ఓడీఏ (డెలివరీ పరిధి బయటి ఊరు) అని అదనంగా తీసుకుంటారా, ఆఫీసుకే వచ్చి పట్టుకెళ్లమంటారా అన్నది ముందే తేల్చుకోండి.

రసీదు మీద "ఓనర్స్ రిస్క్" (పాడైతే నష్టం మనది) అని ఉందా, "క్యారియర్స్ రిస్క్" (నష్టం వాళ్లది) అని ఉందా చూడకుండా సంతకం పెట్టొద్దు. మొదటిదే చవక. అందుకే మనం అడక్కపోతే అదే కొట్టేస్తారు. సరుకు విలువ రాసి, దాని మీద కాస్త అదనంగా కట్టి రెండోది తీసుకోండి. లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తే 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం వర్తిస్తుంది. ఎక్కువ విలువ ప్రకటించకపోతే వాళ్ల బాధ్యతకి పరిమితి ఉంటుంది. పోయినా పాడైనా కేసు వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్‌లో అరిచింది లెక్కలోకి రాదు.

విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) అడుగుతారు. సొంతానికి వాడుకున్న వస్తువులకి అందులో మినహాయింపు ఉంది. ఇది నా వాడిన సైకిల్ ఫ్రేమ్ అని ఒక కాగితం రాసి, ఆధార్ కాపీ, పాత బిల్లు ఉంటే అదీ జతచేయండి. బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ తిరిగే ఇరుసు చోటు) కింద చెక్కిన ఫ్రేమ్ నంబర్ ఫొటో తీసి, ఆ కాగితంలో కూడా రాయండి.

వాన సంగతి చిన్నదే గానీ మరిచిపోతాం. పాలిథీన్ పెట్టె మీద కాదు, ముందు ఫ్రేమ్‌కి చుట్టండి. పైన చుట్టింది మొదటి గోడౌన్‌లోనే చిరుగుతుంది. పెట్టె అడుగున రెండో అట్ట వేసి టేపు తిప్పండి, నీళ్లు చేరేది నేల మీంచే. స్టీల్ ఫ్రేమ్ అయితే సీటు గొట్టంలో, హెడ్ ట్యూబ్‌లో (ఫోర్క్ దూరే ముందు గొట్టంలో) కాస్త గ్రీజు రాయండి.

అందుకునేవాళ్లకి ముందే చెప్పి ఉంచండి: పెట్టె చిరిగినా, నలిగినా సంతకం పెట్టే ముందు డెలివరీ షీట్ మీద "పెట్టె దెబ్బతిని ఉంది" అని రాయాలి, విప్పుతున్నంతసేపూ వీడియో తీయాలి. విప్పగానే వెనక డ్రాపౌట్ల మధ్య స్కేలు పెట్టి కొలిచి ఆ ఫొటో మీకు పంపమనండి. పంపేముందు మీరు తీసిన ఫొటోలో కూడా స్కేలు ఉండాలి.